సాంచాలు ఆగిన చప్పుడు

సిరిసిల్లలో చప్పుడు గాలి లాంటిది. ఉందని ఎవరూ అనుకోరు. పొద్దున ముఖం కడుక్కుంటుంటే గోడల్లోంచి వస్తుంది. చెంబులో నీళ్ళ మీద సన్నని గీతలు గీస్తుంది. పక్కింటివాళ్ళతో మాట్లాడాలంటే గొంతు కొంచెం పెంచాలి. అది కోపం కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. సాంచాలు నడుస్తున్నంతసేపూ ఊరు నిలబడి ఉంటుంది.

కనకవ్వ ఆ చప్పుడుకు వీపు ఆనించి బతికిన మనిషి. పుట్టింది లక్సెట్టిపేటలో, గోదావరి పక్కన. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకు నిద్ర పట్టేది కాదు. కొన్నేళ్ళు పోయాక పుట్టింటికి వెళితే అక్కడ నిద్ర పట్టడం మానేసింది. నది మరీ సప్పుడు లేకుండా ఉందని, ఎవరో పక్కన ఊపిరి బిగబట్టుకొని కూర్చున్నట్టు ఉందని తల్లితో చెప్పింది. తల్లికి ఏమీ అర్థం కాలేదు.

లక్ష్మీరాజం కార్ఖానాలో ఆమెది కండెలు చుట్టే పని. కండె అంటే, సాంచలో దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె కడుపులో ఒదిగి కూర్చునే చిన్న పుల్ల. దాని మీద దారం చుట్టి ఇస్తేనే సాంచ నేస్తుంది. ఆమె భర్త పర్శరాములు అదే కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. ఆమె నిండు కండెలను గంపలో వేసుకొని, గంపను ఎడమ పక్క రొమ్ముకూ చేతికీ మధ్య ఇరికించుకొని అతని దగ్గరకు తెచ్చేది. అతను నిండువి తీసుకొని ఖాళీవి వేసేవాడు. ఆ చప్పుడులో మాట వినిపించదు కాబట్టి ఇద్దరూ పెదాలతోనే మాట్లాడుకునేవారు. ఏం కూర, ఎవరొచ్చారు, తలనొప్పి తగ్గిందా. వాళ్ళ సంసారంలో సగం గొంతు లేకుండానే గడిచింది. మిగతా సగం కంటే ఆ సగమే బాగుండేదని కనకవ్వకు ఒక్కోసారి అనిపించేది.

ఆ పని ఇంతకాలం చేసిన మనిషికి ఒక పూట నడుము వంగలేదు.

ఏ పూటో ఆమెకు గుర్తులేదు. కింద పడిన కండె కోసం వంగబోయింది. వీపు రాలేదు. నొప్పి కాదు. నొప్పి అయితే దానికో చోటుంటుంది, వేలుతో చూపించవచ్చు. ఇది ఎవరో మెడ నుంచి కిందిదాకా ఒక పలక దింపి, అది అక్కడ ఉందని చెప్పడం మరిచిపోయి వెళ్ళినట్టుంది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పలక కరిగిపోయింది. కండె తీసుకుంది. పనిలో పడింది. మర్నాడు పలక మళ్ళీ వచ్చింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి ఆమెకు ఒక్కటే మాట దొరికింది. నడుం వంగుతలేదు అంది. ఆ మాటకు ఆ ఊళ్ళో ఎప్పటి నుంచో వేరే అర్థం ఉంది. పని చేయడం ఇష్టం లేనివాళ్ళకు నడుం వంగదు. పక్క సందులో ఉండే ఆడబిడ్డ భూమవ్వ అది విని, బియ్యం చెరుగుతున్న చేట ఆపకుండానే నవ్వింది.

"వయసు మీద పడ్డంక ఎవలకు వంగుతది పిల్లా? మాకు వంగుతదా? వంచుకుంటున్నం."

కనకవ్వ తనకు జరుగుతున్నది అది కాదని చెప్పబోయింది. మరేమిటని అడిగితే చెప్పడానికి మాట లేదు. తనలో జరిగేదానికి, బద్ధకానికి భాష ఒకే పేరు పెట్టింది. ఆ పేరు కింద నిలబడి ఎంత చెప్పినా సాకులాగే వినిపిస్తుందని ఆమెకు అప్పుడే తోచింది.

తర్వాత ఉలికిపాటు మొదలైంది. వంటింట్లో స్టీలు గ్లాసు జారితే ఒళ్ళంతా కట్టెలా బిగిసేది. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే బిగిసేది. రోడ్డు దాటడం చేతకాలేదు. గోడ పక్కన నడిచినంతసేపూ బాగానే ఉండేది. గోడ అయిపోయి రోడ్డు మొదలయ్యే చోట కాళ్ళు తమ పని మరిచిపోయేవి. అవతలి వైపున కూరగాయల బండి మీద వంకాయలు నిగనిగలాడుతూ కనిపించేవి. అవి వేరే దేశంలో ఉన్నట్టుండేవి. ఆమె ఇవతల నిలబడి, ఎవరో తెలిసినవాళ్ళ కోసం చూస్తున్నట్టు నటించేది. తెలిసినవాళ్ళు నిజంగా వస్తే చెయ్యి పట్టుకొని దాటేది.

అందరినీ తికమక పెట్టిన విషయం ఒకటుంది. కార్ఖానాలో ఆమెకు ఏమీ కాదు. చెవులు చిల్లులు పడే ఆ మోతలో ఆమె మెత్తగా, మామూలుగా తిరిగేది. కరెంటు పోయి సాంచాలు ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం ఉన్నచోటే కొయ్యబారిపోయేది. మళ్ళీ కరెంటు వచ్చి సాంచాలు ఒక్కసారి అందుకున్నప్పుడు ఇంకోసారి. సాంచాలు ఆగినప్పుడే ఊడవాలి, చిక్కులు తీయాలి, కింద చెదిరిన కండెలు ఏరాలి. సరిగ్గా వంగే పని వచ్చినప్పుడే ఆమె వంగదు. ఆసామి లక్ష్మీరాజం చెడ్డవాడు కాదు. కానీ కళ్ళ ముందు కనిపించేవాటిని కలిపి లెక్క కట్టుకునే మనిషి.

"గింత మోతల నీకు ఏం గాదు, సప్పుడు బందయితెనే భయమైతదా? గిదెక్కడి రోగం వదినె? మాక్కూడ జర నేర్పు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పర్శరాములు నవ్వలేదు. కనకవ్వ అతని పెదాలకేసి చూసింది. అవి కదల్లేదు.

భూమవ్వ ఇది దడుపు అని తేల్చింది. ఒక సాయంత్రం గ్లాసుతో నీళ్ళిచ్చి మసీదు ముందుకు తీసుకుపోయింది. నమాజు ముగించి బయటికి వచ్చేవాళ్ళు వరసగా ఆ నీళ్ళలో ఊది పోతారు. దడుసుకున్న పిల్లలను ఎత్తుకొని అక్కడ ఎప్పుడూ నలుగురైదుగురు తల్లులు నిలబడి ఉంటారు. ఆ పసిపిల్లల మధ్య తలనెరిసిన కనకవ్వ గ్లాసు పట్టుకొని నిలబడింది. ఒక ముసలాయన ఆమె గ్లాసు మీదికి వంగి ఊదబోతుండగా వెనక ఎవరో బండి హారన్ కొట్టారు. చేతులు బిగుసుకున్నాయి. నీళ్ళన్నీ ఆయన గడ్డం మీద పడ్డాయి. ఆయన గడ్డం తుడుచుకొని, ఫికర్ చెయ్యకు బేటీ అని చెప్పి, ఖాళీ గ్లాసులోనే ఊది వెళ్ళాడు. భూమవ్వ దారి పొడవునా నవ్వుతూనే ఉంది. కనకవ్వ కూడా నవ్వింది. నవ్వుతుంటే వీపు కాసేపు వదిలేసింది. అది ఊదినందుకా, నవ్వినందుకా అని ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించింది.

తర్వాత ఊళ్ళో డాక్టరు మనసు నెమ్మదించడానికని చిన్న గోలీలు రాసిచ్చాడు. అవి పనిచేశాయి. పనిచేయడమే పెద్ద చిక్కయింది. మొదటి రోజు ఆమె ఇల్లంతా తిరుగుతూ కింద పడ్డవన్నీ ఏరింది. పిన్నీసులు, దారపు ముక్కలు, ఎప్పటివో రెండు చింతగింజలు. వంగడం అంత బాగుంటుందని ఆమెకు అంతకుముందు తెలియదు. పర్శరాములు గడపలో కూర్చొని చూశాడు. మొదట సంతోషపడ్డాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. భయం గోలీతో తగ్గిందంటే అది భయమే కదా అన్నాడు, నెమ్మదిగానే. ఆమెను తప్పు పట్టినట్టు కాదు. లెక్క సరిపోయినట్టు అన్నాడు.

అప్పటి నుంచి కనకవ్వ తనను తాను అనుమానించడం మొదలుపెట్టింది. వీపు బిగిసిన ప్రతిసారీ లోపల ఎవరైనా ఉన్నారా అని వెతికేది. నేనే చేస్తున్నానా? నాకు తెలియకుండా నాలో ఎవరో పని ఎగ్గొడుతున్నారా? అద్దంలో చూసుకుంటే అబద్ధం ఆడే మనిషి ముఖంలా కనిపించేది. కాసేపటికి మామూలు ముఖమే అనిపించేది. ఏది నిజమో చెప్పడానికి ఇంట్లో ఇంకో అద్దం లేదు.

గోలీలు పట్టు వదిలాయి. ఒకనాడు మధ్యాహ్నం రోడ్డు దాటుతుంటే ఆటో హారన్ మోగింది. ఆమె నిలువునా పడిపోయింది. పడేవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఆమె చేతులు రాలేదు. నిలబెట్టిన దుంగ ఒరిగినట్టు నుదుటి మీద పడింది. కుట్లు వేసిన డాక్టరు ఆమె మెడను, వీపును నొక్కి చూసి, ఇదేదో వెన్నులో తేడా అయి ఉంటుంది, కరీంనగర్ వెళ్ళి వెన్ను ఫొటో తీయించుకోండి అని పంపాడు. నటించేవాళ్ళు నుదుటి మీద పడరు కదా అనే ఆలోచన పర్శరాములుకు బస్సులో వచ్చింది. కిటికీ వైపు సీటు ఆమెకిచ్చి, తలుపు దగ్గర కండక్టరు విజిల్ వేసినప్పుడల్లా ఆమె వైపు చూశాడు.

కరీంనగర్ దవాఖానలో ఫొటో తీసే మిషన్ ఒక పెద్ద తెల్లటి గుండ్రటి గుహలా ఉంది. దాన్ని నడిపే అబ్బాయి ఫర్దీన్. లోపల చాలా మోతగా ఉంటుంది, జరంత సేపు కదలకుండా పడుకోవాలని ముందే చెప్పాడు. పర్శరాములుకు కంగారు పుట్టింది. గ్లాసు పడితేనే బిగిసిపోయే మనిషి ఆ మోతకు ఏమవుతుందో అని అద్దం ఇవతల నిలబడ్డాడు.

మిషన్ ఒక్కసారి దడదడమని మొదలైంది. మొదటి దెబ్బకు కనకవ్వ బిగిసింది. ఆ దెబ్బ వెనకే ఇంకోటి, దాని వెనక ఇంకోటి వచ్చాయి. ఒకే లయలో, ఒకే బరువుతో వస్తూ ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఇది తనకు తెలుసు. ఎవరో ఆ తెల్ల గుహ గోడల వెనక సాంచాలు నడుపుతున్నారు. ఎన్ని మూరలు నేస్తున్నారో, ఏ రంగో తెలియదు. వీపు నెమ్మదిగా బల్ల మీదికి దిగింది. ఇన్ని నెలల్లో ఆమె అంత హాయిగా ఎక్కడా పడుకోలేదు. నిద్ర కూడా వస్తున్నట్టుంది.

అప్పుడు మిషన్ ఆగింది.

ఆ మిషన్ ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య కాసేపు ఆగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిశ్శబ్దం మీద పడగానే ఆమె విల్లులా లేచింది. మళ్ళీ మొదలైనప్పుడు మళ్ళీ లేచింది. ఫొటోలన్నీ చెదిరిపోయాయి. ఫర్దీన్ బయటికి వచ్చి పర్శరాములుతో చెప్పాడు.

"అందరు మోత మొదలైతే కదులుతరు. గీ అమ్మ మోత నడుస్తుంటే బొమ్మ లెక్క పండుకుంటది. ఆగంగనే లేస్తది. నేనైతే గిట్ల ఎప్పుడు చూడలే."

పర్శరాములు ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు. ఇదే మాటను లక్ష్మీరాజం నవ్వుతూ అన్నాడు. ఈ అబ్బాయి నవ్వకుండా అంటున్నాడు. అదే మాట ఇంత తేడాగా ఎలా వినిపిస్తుందో అతనికి తెలియలేదు.

ఫర్దీన్ ఈ సంగతి నరాల డాక్టరు పద్మలతకు చెప్పాడు. ఆమె వచ్చి కనకవ్వను కూర్చోబెట్టి మాటల్లో పెట్టి, హఠాత్తుగా వెనక నుంచి చప్పట్లు కొట్టింది. కనకవ్వ కొయ్యబారింది. డాక్టరు ఆమె వీపు మీద చెయ్యి ఉంచి అది మెత్తబడేదాకా ఊరికే నిలబడింది. తర్వాత ఆ చెయ్యి తీయకుండానే ఫర్దీన్‌కు ఒక పద్ధతి చెప్పింది. మోత ఆగబోయే ముందు మైకులో చెప్పు, ఆగినప్పుడు ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండు అంది. రెండోసారి మిషన్ ఆగిన ప్రతిసారీ ఫర్దీన్ మైకు మీద పెన్నుతో టకటకమని కొడుతూ కూర్చున్నాడు. కనకవ్వ వీపు దాదాపుగా బల్ల మీదే ఉంది. పర్శరాములు అద్దంలోంచి ఆ పెన్నునే చూశాడు.

ఫొటోలో వెన్ను బాగానే ఉంది. డాక్టరు రక్తం తీయించి హైదరాబాద్ పంపించింది. కొన్నాళ్ళకు మళ్ళీ రమ్మని పిలిచి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. ఆమె చేతిలో ఖాళీ పాలిథిన్ కవర్ ఒకటుంది. దాన్ని చాపి పట్టుకొని వేలితో లోపలికి నొక్కింది. కవర్ చిన్న సంచిలా లోపలికి వంగింది. ఆ సంచి మూతిని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"మెదడులో నరాల చివర్ల పొరలు రోజంతా ఇదే పని చేస్తుంటాయి. ఇలా లోపలికి వంగి చిన్న చిన్న సంచులు కడతాయి. ఒక నరం ఇంకో నరంతో మాట్లాడాలన్నా, ఇక చాలు ఊరుకో అని చెప్పాలన్నా ఆ సంచులు కావాలి. పొరను వంచే ప్రొటీన్ ఒకటుంది. యాంఫిఫైసిన్ అంటాం. మీ ఒళ్ళు దాన్ని శత్రువనుకొని దాని మీద పడుతోంది. అందుకే కండరాలకు ఊరుకో అనే మాట అందడం లేదు."

పర్శరాములు కవర్‌ను చూశాడు. భార్యను చూశాడు. అడగడానికి అతనికి ఒక్కటే ప్రశ్న దొరికింది.

"అయితే వంగనిది నడుం కాదా అమ్మా?"

నడుమే, కానీ అంతకుముందు వంగాల్సింది ఇంకొకటి ఉంది అంది డాక్టరు. కంటికి కనిపించనంత చిన్నది. కనకవ్వ తన లోపల ఎక్కడో, వెంట్రుక కంటే సన్నని చోట, ఒక పొర కింద పడ్డ కండె కోసం వంగబోయి ఆగిపోవడం ఊహించుకుంది. దాన్ని చూసి కూడా ఎవరైనా నవ్వుతున్నారా అనుకుంది.

డాక్టరు అక్కడితో ఆగలేదు. ఒళ్ళు ఊరికే ఇలా పొరబడదు అంది. ఆ ప్రొటీన్ ఒక్కోసారి ఉండకూడని చోట, ఒక గడ్డలో, తయారవుతుంది. ఒళ్ళు ఆ గడ్డతో పోట్లాడటానికి లేస్తుంది. పోట్లాడుతూ పోట్లాడుతూ మెదడులో అదే ప్రొటీన్ కనిపిస్తే దాన్నీ కొడుతుంది. రక్తంలో ఇలాంటిది కనిపించిన ఆడవాళ్ళలో తాము మొదట రొమ్ము చూస్తామని చెప్పి, పర్శరాములును బయట కూర్చోమంది.

గడ్డ ఉంది. ఎడమ వైపు. కనకవ్వకు అది తెలుసు. గంప అంచు ఇన్నేళ్ళు అక్కడే ఒత్తుకుంది కాబట్టి కాయ కట్టిందని అనుకుంది. అరచేతిలో కాయ కట్టినట్టు, అక్కడ. డాక్టరమ్మకు అదే చెప్పింది. డాక్టరు గంప ఎలా పట్టుకుంటారో చూపించమని అడిగి, చూసి, తల ఊపి, అయినా సూదితో ముక్క తీసి పంపింది. అది కేన్సరే అని తేలింది. చిన్నదే, పక్కకు పాకలేదు, తొందరగా తీసేయాలి. సోమవారం వచ్చి చేరండి అన్నారు. తీశాక బిగుతు తగ్గవచ్చు. ఎంత తగ్గుతుందో ఇప్పుడు చెప్పలేం, మందులు కూడా వాడాలి అన్నారు.

ఇంటికి వచ్చాక ఇదంతా భూమవ్వకు చెప్పే పని పర్శరాములు మీద పడింది. అతను కవర్ సంగతి చెప్పబోయి కుదరక, చివరకు ప్రొటీన్ ఆమె ఒంటికి పడటం లేదని చెప్పాడు. భూమవ్వకు ఆ మాట తెలుసు. అంగన్‌వాడీలో ప్రొటీన్ అంటే గుడ్డు, పప్పు. వెంటనే వాటిని బంద్ పెట్టింది. పెసరపప్పు డబ్బా ఎత్తి తన ఇంటికి తీసుకుపోయింది. కనకవ్వ చింతపండు చారుతో బువ్వ తింటూ, వద్దన్నది నిజమేమో, ఎవరికి తెలుసు అనుకుంది. గుడ్డు ఆమెకు ఇష్టం. పర్శరాములు ఒక పూట అంగీ జేబులో ఉడికించిన గుడ్డు తెచ్చి వంటింట్లో పెట్టాడు. అతనూ అక్క మాట నమ్మాడు. అయినా తెచ్చాడు. ఆమె అడిగితే, దవాఖానకు ఫోన్ చేసిన, తినుమన్నరు అన్నాడు. చేశాడో లేదో ఆమెకు తెలియలేదు. ఒక ముక్క అతనికిచ్చి మిగతాది తింది.

సోమవారం దగ్గరపడుతోంది. కనకవ్వ పోదామనలేదు. బట్టలు సర్దలేదు. భయపడుతోందని పర్శరాములు అనుకున్నాడు. అందరూ భయపడతారు, మత్తు ఇస్తరు, నొప్పి తెలియదు అని చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఎదురింటి సాంచాల చప్పుడు గోడలోంచి ఆమె వీపులోకి వస్తోంది.

"గడ్డ తీసినంక గూడ వంగకపోతే?"

అతనికి అర్థం కాలేదు. మందులున్నయి గద అన్నాడు.

"అది కాదయ్యా. ఇప్పుడైతే గడ్డ ఉన్నది. డాక్టరమ్మ చూసింది, మిషన్ చూసింది. గందుకే నువ్వు నమ్మినవ్. అది పోయినంక గూడ నడుం వంగకపోతే మల్ల మొదటికే వస్తది. అప్పుడు నేనేం చూపియ్యాలె?"

పర్శరాములు కాలి బొటనవేలితో అరుగు మీద దుమ్మును అటూ ఇటూ తోశాడు.

"నేను నమ్మకపోయిన్నా?"

"నమ్మలే," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "నేనే నమ్మలే. నువ్వేం నమ్ముతవ్."

అతను లేచి లోపలికి పోయాడు. మళ్ళీ వచ్చాడు. తన ఆలోచన పిచ్చిదని ఆమెకు తెలుసు. ప్రాణం తీసే గడ్డను సాక్షిగా దాచుకుంటారా ఎవరైనా? కానీ ఇన్ని నెలలుగా తన తరఫున మాట్లాడింది అదొక్కటే. ఒళ్ళు దానితో పోట్లాడబట్టే అది ఉందని తెలిసింది. ఒళ్ళు పొరబడి తనను కొట్టబట్టే తను బతికే దారి తెలిసింది. మరి పొరపాటును తిట్టాలా, దండం పెట్టాలా? ఒకసారి మబ్బు పట్టిన రోజు రెండు నీలం దారాలు ఒకటే అనుకొని కండెలు చుట్టింది. బట్ట అంతా అయ్యాక ఎండలో చూస్తే నడుమ ఒక గీత. లక్ష్మీరాజం అరిచాడు. ఆమెకేమో ఆ గీత బాగుందనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇదీ అలాంటిదేనా అంటే, అలాంటిదే అనిపించింది. ఆలోచిస్తే కాదనిపించింది.

మర్నాడు ఆమె కార్ఖానాకు వెళ్ళింది. పని కోసం కాదు. ఊరు మొత్తంలో ఆమె ఒళ్ళు మెత్తగా ఉండే చోటు అదొక్కటే. లక్ష్మీరాజం ఇప్పుడు ఆమెను ఏమీ అనడం లేదు. గడ్డ సంగతి విన్నాక కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ కూడా ఆమెకు బరువుగానే ఉంది. అయినా కండెల మిషన్ పక్కన కూర్చొని, చేతులు ఊరుకోక నాలుగు కండెలు చుట్టింది. సాంచాల మోత ఆమెను నడుమ కూర్చోబెట్టుకొని కబుర్లు చెబుతున్నట్టుంది. దూరంగా పర్శరాములు వీపు కనిపిస్తోంది.

ట్యూబులైట్లు మసకబారాయి. కరెంటు పోయేముందు ఒక్క రెప్పపాటు అవి అలా చేస్తాయి. కనకవ్వ కుర్చీ చేతులు పట్టుకుంది. సాంచాలు తడబడ్డాయి. ఒక్కొక్కటే కాకుండా అన్నీ కలిసి ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో ఒక చోటు నుంచి చప్పుడు వస్తూనే ఉంది.

టక్, టక్, టక్, టక్. పర్శరాములు సాంచలోంచి నాడెను తీసి, దానితో చెక్క మీద కొడుతున్నాడు. ఆమె వైపు తిరగలేదు. సాంచ నడిచే లయలోనే, అంతే వేగంగా, ఒకే బరువుతో కొడుతున్నాడు. బీడీ వెలిగించుకోబోయిన పక్క సాంచ సాంబయ్య అగ్గిపుల్ల ఆపి చూశాడు. లక్ష్మీరాజం గుమ్మంలోంచి కరెంటు పోయిందని గుర్తు చేశాడు.

"ఏందే పర్శరాములు, చేతులకు ఎరుకైతలేదా బందయిందని?"

కొడుతూనే ఉన్నాడు. చెమట కారుతోంది. ఒక మనిషి ఒక చేత్తో ఒక కార్ఖానాను నడిపిస్తున్నట్టుంది, నవ్వు వచ్చేలా ఉంది, ఎవరూ నవ్వలేదు.

కనకవ్వ తన వీపులోని పలక కోసం ఎదురుచూసింది. అది వచ్చింది. మెడ దాకా వచ్చింది. సాంచాలు ఇంకా నడుస్తున్నాయేమో, తను తొందరపడి వచ్చిందేమో అని సందేహపడ్డట్టు అక్కడే నిలిచిపోయింది. కిందికి దిగలేదు. వెనక్కి పోనూ లేదు. ఆమె దాన్ని మోసం చేస్తున్నట్టు కదలకుండా కూర్చుంది. ఆ కొట్టేవాడికి ఇదంతా పనిచేస్తోందో లేదో తెలియదు. అతను చూడటం లేదు. చూడకుండానే కొడుతున్నాడు. అప్పుడు ఆమెకు తను అరుగు మీద అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. జవాబు ఇదేనా అని అనుమానం కూడా వచ్చింది. రుజువుగా చూపించే గడ్డ ఈ చప్పుడులో ఎక్కడా లేదు.

కరెంటు వచ్చింది. సాంచాలు పటపటమంటూ అందుకున్నాయి. అతని చప్పుడు వాటిలో కలిసిపోయింది. ఎక్కడ ఆగిందో ఆమెకు వినిపించలేదు. పర్శరాములు నాడెను దాని చోట పెట్టి, చెయ్యి విదిలించుకొని, అప్పుడు తిరిగి చూశాడు.

ఆమె గొంతు వాడలేదు. ఎప్పటిలాగే పెదాలు కదిపింది.

"సోమారం పోదాం."

అతను తల ఊపాడు. తర్వాత సరిగ్గా చదివానో లేదో అన్నట్టు కళ్ళు చిట్లించాడు. ఆమె ఇంకోసారి అనలేదు.

గంపలోంచి ఒక కండె జారి, దొర్లి, ఆమె కాలి దగ్గర ఆగింది. కనకవ్వ దాన్ని చూసింది. ఇప్పుడు వంగితే వంగవచ్చు. వంగకపోవచ్చు. ఏదైనా కావచ్చని అనిపించింది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, ఇంకో కండె తీసుకొని చుట్టడం మొదలుపెట్టింది.